‘మందు వాసన ఉంది’ అన్న ఒక్క లైను

యాక్సిడెంటు కేసును క్యాజువాలిటీకి తెచ్చినప్పుడు డ్యూటీ డాక్టరు రాసే ఎం.ఎల్.సి. (పోలీసు కేసుకు సంబంధించిన వైద్య నమోదు) కాగితంలో చాలాసార్లు ఒక చిన్న లైను కనిపిస్తుంది: నోటి నుంచి మద్యం వాసన వస్తోంది. రాసినాయనకు అది అర నిమిషం పని. మనిషి పోయాక క్లెయిమ్ వేసిన భార్యకు మాత్రం ఆ లైను బండరాయిలా అడ్డం పడుతుంది. బీమా కంపెనీ కోర్టులో వేసే జవాబులో, అంటే కౌంటర్‌లో, ‘మృతుడు తాగి ఉన్నాడు, ప్రమాదానికి తనే కారకుడు’ అని వస్తుంది. ఊళ్లోనూ అదే మాట. తాగినోడికి డబ్బులేంది, అంటారు. కొన్ని ఇళ్లల్లో అయితే సిగ్గుతో అసలు కేసే వేయరు.

చట్టం అలా లేదు. తాగడం అనేది నిర్లక్ష్యం కేసులో ఒక సంగతి మాత్రమే, అదే తీర్పు కాదు. ఎవరు ఎవరి పట్ల జాగ్రత్తగా ఉండాలి, ఆ జాగ్రత్త ఎక్కడ తప్పింది, తప్పినందువల్లనే దెబ్బ తగిలిందా అన్న మూడు ప్రశ్నలు తాగినవాడి కేసులోనూ, తాగనివాడి కేసులోనూ ఒకటే.

ముందు తాగినవాడి వైపు చూద్దాం. అతని బాధ్యత ఒక్క వీసం కూడా తగ్గదు. ‘మత్తులో ఉన్నాను, తెలియలేదు’ అంటే కోర్టు వినదు. కొలమానం అతని మత్తు బుర్ర కాదు, ఒంటి మీద తెలివి ఉన్న మామూలు మనిషి ఆ చోట ఎలా నడుచుకుంటాడన్నదే. 1971లో ఇంగ్లండు కోర్టు డ్రైవింగు నేర్చుకుంటున్న మనిషికి కూడా అనుభవం ఉన్న డ్రైవరు కొలతే వర్తిస్తుందని చెప్పింది. నేర్చుకునేవాడికే మినహాయింపు లేనప్పుడు తాగినవాడికి ఎక్కడుంటుంది? క్రిమినల్ వైపు కూడా అంతే. భారతీయ న్యాయ సంహిత 24వ సెక్షన్ ప్రకారం, తనంతట తాను తాగినవాడికి మత్తు లేనప్పుడు ఎంత తెలిసేదో అంతా తెలిసినట్టే లెక్క. తెలియకుండానో బలవంతంగానో ఎవరైనా తాగించి ఉంటే అది వేరే సంగతి, దానికి 23వ సెక్షన్ ఉంది.

ఇక రెండో వైపు. జనం మరిచిపోయేది ఇదే. తాగినవాడి పట్ల మిగతావాళ్లకున్న బాధ్యత కూడా తగ్గదు. 1855లో, బంగారు గనుల రోజుల్లో, కాలిఫోర్నియాలో ఒక తాగిన మనిషి నడిచే దారిలో మూత లేని గుంటలో పడ్డాడు. గుంట తవ్వి వదిలేసినవాళ్లు ‘వాడు తాగి ఉన్నాడు కదా’ అన్నారు. అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది ఇది: ఒళ్లు తెలిసిన మనిషికి భద్రమైన వీధి ఎంత హక్కో తాగినవాడికీ అంతే హక్కు, పైగా వాడికి దాని అవసరం ఇంకా ఎక్కువ. మన కర్నూలు, అనంతపురం, కడప వీధుల్లో మూత లేని డ్రైనేజీ పక్కన నిలబడి ఆలోచిస్తే ఈ మాట 170 ఏళ్ల నాటిదని అనిపించదు. సాయంత్రం పూట ఊరి వీధిలో తూలుతూ నడిచే మనిషి ఉంటాడని గుంట తవ్వినవాడికీ తెలుసు, ఊరి ముందు బండి నడిపేవాడికీ తెలుసు. తెలిసినప్పుడు జాగ్రత్త పడాల్సిందే.

మాటలతో కాకుండా లెక్కతో చూద్దాం. 44వ నంబరు హైవే మీద కర్నూలు దాటి ఉల్లిందకొండ వైపు రాత్రి 9 గంటలకు ఒక లారీ టైరు పంక్చరై ఎడమ లేనులో ఆగి ఉందనుకోండి. వెనక లైట్లు లేవు, త్రికోణం బోర్డు పెట్టలేదు, కొమ్మలు కూడా అడ్డం వేయలేదు. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ఇలా ప్రమాదకరంగా బండిని వదిలేయడాన్ని నిషేధిస్తుంది. బైకు మీద వచ్చినతను వెనక నుంచి గుద్దుకుని చనిపోయాడు. ఎం.ఎల్.సి.లో వాసన ఉందని రాశారు.

బైకు డిప్ లైట్‌లో చీకట్లో నల్లటి లారీ వెనక తలుపు సుమారు 40 మీటర్ల దూరంలో కనిపిస్తుందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 16.7 మీటర్లు. తాగని మనిషికి కూడా చూసి, తెలుసుకుని, బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పడుతుంది. అందులోనే 25 మీటర్లు పోతాయి. పొడి రోడ్డు మీద బ్రేకు బాగా పట్టినా ఇంకో 20 మీటర్లు కావాలి. మొత్తం 45. అంటే సోడా తప్ప ఏమీ తాగని మనిషి కూడా ఆ లారీని గుద్దుకునేవాడే. అప్పుడు మందు ఈ చావుకు కారణం ఎలా అవుతుంది?

అయితే ఇదే లెక్క ఎదురు కూడా తిరుగుతుంది, దాన్ని దాచిపెట్టి వాదిస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో దొరికిపోతాం. వేగం 40 అయితే చూసి బ్రేకు వేసేలోపు 17 మీటర్లు, బ్రేకు మీద 9 మీటర్లు, మొత్తం 26. ఆగగలడు. మత్తులో ప్రతిస్పందన రెండున్నర సెకన్లకు జారినా 28, 9 కలిపి 37 మీటర్లు, ఇంకా ఆగగలడు. అంటే ఇక్కడ నిజంగా చర్చించాల్సింది వేగం గురించి. ‘కనిపించినంత దూరంలో ఆగగలిగే వేగంలో లేడు’ అని బీమా కంపెనీ వాదిస్తే అందులో బలముంది, పరిహారంలో పదో ఇరవయ్యో శాతం కోత పడవచ్చు. ‘తాగి ఉన్నాడు’ అని మాత్రమే వాదిస్తే అందులో పస లేదు. బ్రేకు గీతల పొడవు, లారీ వెనక రిఫ్లెక్టరు టేపు ఉందా లేదా, బైకు ఏ గేరులో ఆగింది, ఇవన్నీ ఎం.వి.ఐ. (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) రిపోర్టులోనూ సీన్ పంచనామాలోనూ రఫ్ స్కెచ్‌లోనూ ఉండాలి. లేకపోతే మర్నాడు పొద్దునే వెళ్లి ఫొటోలు తీసుకోవాలి. వర్షం పడితే గీతలు పోతాయి, లారీని స్టేషన్‌కు తోలుకుపోయాక వెనక టేపు కొత్తగా వచ్చి కూర్చుంటుంది.

కారణం చూపించకుండా కోత వేయకూడదన్న సూత్రానికి సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఇచ్చిన మహమ్మద్ సిద్దిఖీ తీర్పు గట్టి ఊతం. బైకు మీద ముగ్గురు ఎక్కారు, వెనక నుంచి కారు గుద్దింది, ఒకరు చనిపోయారు. ముగ్గురు ఎక్కడం తప్పే కదా అని హైకోర్టు 10 శాతం కోసింది. సుప్రీంకోర్టు ఆ కోతను తీసేసింది. రూలు తప్పడం వేరు, ఆ తప్పువల్ల ప్రమాదం జరగడమో దెబ్బ పెరగడమో వేరు అని చెప్పింది. లైసెన్సు లేకపోవడం గురించి 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులోనూ దారి ఇదే. తాగిన మృతుడి కేసులో మీ వకీలు ఈ రెండింటినీ పట్టుకోవాలి. ఇంకో మాట: మృతుడి తప్పు ఉందని చెప్పేవాడే దాన్ని రుజువు చేయాలి. కౌంటర్‌లో రాసి, సాక్షిని పెట్టకుండా, డాక్టరును పిలవకుండా వదిలేస్తే ఆ వాదన అక్కడే పోయినట్టు.

ఇక ‘ఎంత తాగాడు’ అన్న సంగతి. తాగి నడపడం గురించి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన గీత 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. మొదటిసారి అయితే ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 జరిమానా లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, 15,000. ఆ 30 ఎంత చిన్న గీతో చాలామందికి తెలియదు. 42.8 శాతం ఉండే మామూలు బ్రాందీయో విస్కీయో 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 61 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 70 కిలోల మగమనిషి అంతా ఒకేసారి తాగితే రక్తంలో 125 ప్రాంతానికి చేరుతుంది. 60 కిలోల మనిషికి 150 దగ్గర. నైంటీ అయితే అందులో సగం. 60 మిల్లీలీటర్ల పెగ్గు ఒక్కటే ఖాళీ కడుపున 40 దాటించగలదు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు, 8 శాతంది, 85 దగ్గరికి తీసుకుపోతుంది. దిగేది గంటకు సుమారు 15 మాత్రమే, మనిషిని బట్టి 10 నుంచి 20. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ, తలస్నానం ఏవీ ఆ వేగాన్ని పెంచవు. రాత్రి 11కు క్వార్టర్ ముగించినవాడు తెల్లవారి 5 గంటలకు అనంతపురం మార్కెట్‌కు టమాటా లోడు ఎత్తితే ఇంకా గీత పైనే ఉండే అవకాశముంది. తనకు మాత్రం నిద్రపోయి లేచాను కదా అనిపిస్తుంది.

నమూనా ఎప్పుడు తీశారన్నది అందుకే ప్రాణం లాంటిది. రాత్రి 9కి ప్రమాదం, పన్నెండున్నరకు రక్తం, రిపోర్టులో 80 అనుకుందాం. మూడున్నర గంటలకు 35 నుంచి 70 కలిపితే ప్రమాదం సమయానికి 115 నుంచి 150. కానీ ప్రమాదానికి పది నిమిషాల ముందే తాగి ఉంటే ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే మందు అప్పటికి ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పూర్తిగా ఎక్కడానికి అరగంట నుంచి గంటన్నర పడుతుంది. గుద్దుకున్న క్షణంలో 25 ఉండి, ఆసుపత్రిలో 80 రావచ్చు. చివరి గ్లాసు ఎప్పుడన్నది చెప్పే సాక్షి లేకుండా వెనక్కి లెక్కగట్టే నిపుణుణ్ణి గట్టిగా అడగాలి.

నమూనాలో జరిగే పొరపాట్లు చిన్నవే, ఫలితం పెద్దది. సూది గుచ్చే ముందు చర్మం స్పిరిట్ దూదితో తుడిస్తే నమూనా మీదే సందేహం వస్తుంది. స్పిరిట్ లేని మందుతో తుడవాలి, అలా తుడిచామని కాగితం మీద రాయాలి. సీసాలో సోడియం ఫ్లోరైడ్ ఉండాలి, ఫోరెన్సిక్ నమూనాకు మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల లెక్కన. షుగర్ టెస్టుకు వాడే బూడిద రంగు మూత ట్యూబులో అంత ఉండదు. ఫ్లోరైడ్ చాలకపోతే సూక్ష్మజీవులు రక్తంలోని చక్కెరను పులియబెట్టి, తాగనివాడి రక్తంలో కూడా ఆల్కహాలు పుట్టిస్తాయి. మూత వదులైతే ఉన్నది ఆవిరై తగ్గుతుంది. సీలు, సమయం, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది, ఫ్రిజ్‌లో పెట్టారా, ఈ నాలుగూ రాసి ఉండాలి. ప్రైవేటు ఆసుపత్రుల్లో చేసేది తరచు సీరం (కణాలు తీసేశాక మిగిలే రక్తపు నీరు) పరీక్ష. సీరంలో వచ్చే అంకె రక్తంలో దానికన్నా దాదాపు ఏడో వంతు ఎక్కువ. సీరంలో 33 వస్తే రక్తంలో 30 లోపే ఉన్నట్టు. చట్టం చెప్పింది రక్తం గురించి.

చనిపోయినవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. మే నెలలో మన ఎండకు శవం కొన్ని గంటలు బయట పడి ఉంటే కుళ్లడం మొదలై ఆల్కహాలు దానంతట అదే తయారవుతుంది. రక్తం గుండె దగ్గర నుంచి కాక తొడ నరం నుంచి తీయాలి. కంటిలోని ద్రవం కుళ్లడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది కాబట్టి దాన్ని కూడా పంపితే నిజం బయటపడుతుంది. పోస్ట్‌మార్టం రిపోర్టులో ‘కడుపులో మద్యం వాసన’ అని మాత్రమే ఉండి, అంతర్భాగాల ల్యాబ్ రిపోర్టు ఫైలులో లేకపోతే, ఆ వాసన బరువెంతో అడగాల్సిందే.

వాసన ఒక్కటే చాలదని సుప్రీంకోర్టు 1971లో బచూభాయ్ కేసులో చెప్పింది. నోటి వాసన, తూలుడు, పెద్దవైన కనుపాపలు చూసి తాగాడని తేల్చలేమని, రక్తమో మూత్రమో పరీక్షించాలని. అది క్రిమినల్ కేసు. సివిల్‌లో అంత గట్టి రుజువు అడగరు. 2021లో పెర్ల్ బెవరేజెస్ కేసులో అదే కోర్టు, ఢిల్లీలో ఫుట్‌పాత్ ఎక్కి బోల్తా పడిన పోర్షే కారు యజమానికి బీమా డబ్బు ఇవ్వనక్కర్లేదని చెప్పింది. పరీక్ష చేయకపోయినా మిగతా పరిస్థితులన్నీ కలిపి చూసి, మత్తు వల్లనే నడపడం చెడిందని కంపెనీ చూపిస్తే చాలంది. రెండు తీర్పులను ఒకదానితో ఒకటి కొట్టించకండి. రెండోది సొంత బండి నష్టం గురించిన, తాగి నడిపితే డబ్బు రాదన్న పాలసీ షరతు కేసు, రోడ్డు మీద దెబ్బతిన్న మూడో మనిషిది కాదు.

మూడో మనిషికి దారి వేరు. తాగి నడిపిన డ్రైవరు గుద్దితే ఆ పాలసీ షరతు చూపి బీమా కంపెనీ తప్పించుకునే ప్రయత్నం చేస్తుంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్‌లో మద్యం మాట కూడా చేరింది. అయినా ముందు బాధితుడికి కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమనే పద్ధతిని కోర్టులు చాలాకాలంగా పాటిస్తున్నాయి. 2023లో కేరళ హైకోర్టు తాగి నడిపిన కేసులోనే అలా చెప్పింది. ఓనర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ వసూలు మీ ప్లాటు మీదికీ, ట్రాక్టరు మీదికీ వస్తుంది. తాగినవాడికి తాళం ఇచ్చినవాడు, ఎక్కించి పంపినవాడు కూడా 188వ సెక్షన్ ప్రకారం ప్రోత్సహించినందుకు అదే శిక్షకు పాత్రుడు కావచ్చు. డ్రైవరు తాగాడని తెలిసి వెనక ఎక్కినవాడి పరిహారం పూర్తిగా పోదు, కొంత కోత పడవచ్చు. 1977 నాటి ఇంగ్లిషు కేసు ఓవెన్స్‌లో అది 20 శాతం. తన తప్పువల్లనే తాను పోయిన డ్రైవరు కుటుంబానికి మాత్రం అదే చట్టంలో పరిహారం అడిగే 166వ సెక్షన్ కింద ఏమీ రాదు, ఓనరు-డ్రైవరు ప్రమాద బీమా కూడా మత్తు ఉంటే వర్తించదు. ఇది చెప్పడానికి బాధగానే ఉంటుంది, కానీ మొదటి రోజే చెప్పాలి.

తాగించినవాడి సంగతి. బారును నేరుగా బాధ్యుణ్ణి చేసే ప్రత్యేక చట్టం మనకు లేదు. బయటి దేశాల్లో దారులు రెండు రకాలు. 1973లో కెనడా సుప్రీంకోర్టు, తనకు బాగా తెలిసిన తాగుబోతును చీకట్లో హైవే మీదికి నెట్టిన హోటలును మూడో వంతు బాధ్యుణ్ణి చేసింది. 2009లో ఆస్ట్రేలియా కోర్టు, బైకు తాళాలు తిరిగి అడిగిన పెద్దమనిషికి ఇచ్చిన బారుకు బాధ్యత లేదంది. నాకు ఇంకా పనికొచ్చేదిగా అనిపించేది 1995 నాటి బారెట్ కేసు. నార్వేలోని బ్రిటిష్ నౌకాదళ స్థావరంలో ఒక ఉద్యోగి తాగి పడిపోయాడు. తాగకుండా ఆపాల్సిన బాధ్యత అధికారులకు లేదని కోర్టు చెప్పింది. కానీ పడిపోయాక ఎత్తుకుపోయి పడుకోబెట్టిన క్షణం నుంచి అతను వాళ్ల చేతిలో ఉన్నాడు. డాక్టరును పిలవలేదు, కనిపెట్టుకుని ఉండలేదు, వాంతి గొంతులోకి పోయి చనిపోయాడు. మూడింట రెండొంతులు అతనిదే తప్పన్నారు, మిగతా వంతు వాళ్లది.

లాడ్జి గదిలో, పెళ్లి విడిదిలో, పోలీసు స్టేషన్ బెంచీ మీద మనం చేసేదీ సరిగ్గా అదే. ‘పండుకోనీ, పొద్దున్నే దిగుతుంది’ అంటాం. చేతిలోకి తీసుకున్నాక వెల్లకిలా పడుకోబెట్టకూడదు. ఎడమ పక్కకు తిప్పి, పై మోకాలు మడిచి, నోరు కిందికి వాలేలా పెట్టాలి. పదిహేను నిమిషాలకోసారి పేరు పెట్టి లేపాలి. గిల్లినా కదలకపోతే, ఊపిరి నిమిషానికి ఎనిమిది లోపుకు పడిపోతే, పెదవులు నీలంగా మారితే వెంటనే 108.

ఆసుపత్రిలోనూ ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది. తల దెబ్బ తగిలినవాడి మగతను మందు మీదికి నెట్టేస్తే, పుర్రె లోపల చేరుతున్న రక్తం ఎవరికీ కనిపించదు. స్పృహ స్కోరు గంటగంటకూ మెరుగుపడాలి. మందు దిగాల్సిన వేళకు మనిషి ఇంకా మగతలోకి జారుతుంటే అది మందు పని కాదు. ముందు వేలికి గుచ్చి షుగర్ చూడాలి, తలకు సి.టి. తీయాలి. ‘తాగి ఉన్నాడు’ అని కేస్ షీటులో రాసి అక్కడితో ఆపడం, 2005లో సుప్రీంకోర్టు జాకబ్ మాథ్యూ తీర్పులో చెప్పిన సగటు వైద్యుడి ప్రమాణానికి అందదు. పక్కనున్నవాళ్లు గంటల వారీగా ఎలా ఉన్నాడో సెల్‌ఫోనులో టైముతో రాసిపెట్టుకోవాలి.

గడువుల్లోకి వస్తే, క్లెయిమ్‌కు మోటారు వాహనాల చట్టం 166(3) ఆరు నెలలు అంటోంది. దాటిందని ఆశ వదిలేయకండి, ఆ గడువును సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, వకీలును అడగండి. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు ఉండే ఊరి పరిహార ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు, బెంగుళూరు తిరగనక్కర్లేదు. 2022 నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. ల్యాబ్ రిపోర్టు వచ్చిందా అని అప్పుడే రాతపూర్వకంగా అడగండి.

రైలు కేసు అయితే, గుంతకల్లులో బండి ఎక్కబోతూ పడిపోయినా, కదులుతున్న బండి నుంచి జారినా, రైల్వే చట్టం 124-ఎ మత్తులో చేసిన పనికి పరిహారం లేదంటుంది. అక్కడ తప్పు ఎవరిదని అడగరు, మత్తు ఒక్కటే అడుగుతారు. అది రుజువు చేయాల్సింది మాత్రం రైల్వేనే.

పనిచోట దీనికి పూర్తిగా తిరగబడిన లెక్క. తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీలోనో ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనిలోనో రాయి మీద పడి కూలీ గాయపడితే, మత్తే నేరుగా కారణమని చూపించి యజమాని తప్పించుకోవచ్చు. కానీ ఆ కూలీ చనిపోయినా, పూర్తిగా శాశ్వతంగా పని చేయలేని స్థితికి వచ్చినా ఆ మినహాయింపు లేదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో ఉన్న ఈ తేడాయే సోషల్ సెక్యూరిటీ కోడ్‌లోకీ వచ్చింది. చనిపోయినప్పుడు యజమాని డబ్బును ఆ చట్టం కింద నియమించిన ప్రభుత్వ అధికారి దగ్గర జమ చేయాలి. ‘మీవాడు తాగి ఉన్నాడు, ఏదో మా దయ’ అంటూ ఇంటికి తెచ్చి చేతిలో పెట్టి తీసుకున్న వేలిముద్రతో ఆ బాకీ తీరదు.